ఐదు రోజుల ఆము

మా యంత్రానికి కాగితాల మీద ఒక వరుస నిండేంత పొడుగు పేరుంది. ఆ పేరు మొత్తం చెప్పాలంటే నాకు మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తుంది. అందుకని మేం దాన్ని తాబేలు అంటాం. చూడ్డానికి బోర్లించిన మూకుడులా ఉంటుంది, నాలుగు పక్కల నుంచీ వైర్లు వేలాడుతుంటాయి, పని మాత్రం మహా నిదానం.

నా పేరు అంకబాబు. డాక్టర్ కైవల్య గారి ప్రయోగశాలలో ఫీల్డ్ అసిస్టెంటుని. హోదా చూసి గొప్పగా ఊహించుకోకండి. ఇనప మేకులు నేలలో దిగ్గొట్టడం, వాటికి వైర్లు తగిలించడం, పీకడం, మళ్లీ మూరెడు అవతల దిగ్గొట్టడం, ఇదే నా ఉద్యోగం. ఇరవై ఆరేళ్లుగా ఇదే చేస్తున్నాను. రెండు మేకుల్లోంచి నేలలోకి కరెంటు పంపుతాం, ఇంకో రెండు మేకులతో అది ఎంత కష్టపడి ప్రయాణం చేసిందో కొలుస్తాం. కింద రాయో ఇటుకో ఉంటే కరెంటు మొరాయిస్తుంది. తడిమట్టో పూడిపోయిన గుంటో ఉంటే హాయిగా జారిపోతుంది. దిబ్బంతా అలా కొలిచి అంకెలకు రంగులేస్తే, పార పెట్టకుండానే కింద గోడ ఎటు తిరిగిందో తెలిసిపోతుంది. ఇంతవరకూ పాత విద్యే.

కైవల్య మేడం కనిపెట్టింది ఆ తర్వాతది. మంట తగిలిన మట్టి చల్లారేటప్పుడు అందులోని రేణువులు ఒక్కొక్కటే సర్దుకుంటాయట, బస్సెక్కిన జనం సీట్లు వెతుక్కుని కూర్చున్నట్టు. బస్సు నెమ్మదిగా నిండితే ఒక తీరు, తోసుకుంటూ ఎక్కితే ఒక తీరు. కూర్చున్న వరస చూస్తే ఎలా ఎక్కారో చెప్పొచ్చు. తాబేలు నేలలోకి గట్టి కరెంటుని చిన్న చిన్న దెబ్బలుగా పంపి, ఆపి, ఆ రేణువులు వదిలే సన్నటి జవాబుని వింటుంది. ఎప్పుడు మండింది, ఎంత మండింది, ఎన్నాళ్లకు చల్లారింది, అన్నీ గీత గీసి చూపిస్తుంది. రెండు వేల ఏళ్ల కిందటి పొయ్యి అయినా సరే.

చిక్కల్లా ఒకటే. జవాబు చెప్పాలంటే ఆ రేణువులు లేచి నిలబడాలి. ఒకసారి లేచాక మళ్లీ ఆ వరసలో కూర్చోవు. పైగా మేం ఏ లోతు అడిగామో ఆ లోతు ఒక్కటే వినిపిస్తుంది. కరెంటు దెబ్బకి మిగతా లోతులన్నీ నోరు తెరవకుండానే చెరిగిపోతాయి. ఒక దిబ్బకి ఒక్క ప్రశ్న. నిరుడు, పాతకాలంలో ఇనుము కరిగించిన ఒక చోట మేడం లోతు ఒక్క అడుగు తప్పుగా పెట్టారు. జవాబు రాలేదు. ఇంకెప్పటికీ రాదు కూడా. ఆ రోజు ఆవిడ జీపు వెనక సీట్లో కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చారు. అప్పట్నుంచి మీట నొక్కే ముందు ఆవిడ లోతు అంకె మూడుసార్లు సరిచూసుకుంటారు.

ఈసారి మేం వెళ్లింది గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఓబులదిన్నెకి. ఊరి చివర మూడెకరాల దిబ్బ ఉంది. కింద బౌద్ధ స్తూపం ఉండొచ్చని మా డైరెక్టరు గారి నమ్మకం. ఈ విడతలో ఆ స్తూపం సంగతి తేల్చకపోతే తాబేలుని బీరువాలో పెట్టి తాళం వేస్తానని ఆయన బయల్దేరే ముందే చెప్పారు.

జీపు దిగేసరికి దిబ్బ మీద ఒకావిడ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. యాభై దాటి ఉంటాయి. మోచేతుల దాకా ఎండిన మట్టి.

"ఏందయ్యా ఆ మేకులు? మా దిబ్బకి సూదిమందేస్తారా?" అంది.

"తవ్వం అమ్మా. కింద ఏముందో చూస్తాం, అంతే," అన్నాను.

"కిందేముంటది, మా అత్తోళ్ల పెంకులు. యాడ గెలికినా పెంకులే."

ఆవిడ ఆదెమ్మ. ఊళ్లో మిగిలిన ఒకే ఒక్క కుమ్మరి ఇల్లు వాళ్లది. భర్త గురవయ్య సారె తిప్పి కుండలు చేస్తాడు. మట్టి తొక్కడం, నీళ్లు మొయ్యడం, కుండకి నునుపు పెట్టడం, ఆము కాల్చడం ఆదెమ్మ వంతు. ఆము అంటే పచ్చి కుండలు పేర్చి, చుట్టూ పిడకలూ పుల్లలూ సర్ది, పైన గడ్డీ బూడిదా కప్పి కాల్చే కుప్ప. ఒక్కగానొక్క కొడుకు చెంచయ్య వరికోత మిషను నడుపుతాడు. మమ్మల్ని దొంగల్ని చూసినట్టు చూసిన ఆదెమ్మ రెండో రోజుకి కొలతల తాడు ఒక కొస పట్టుకుంది. నాలుగో రోజుకి నా మేకులు వంకరగా ఉన్నాయని నాకే చెప్పింది. చూస్తే వంకరగానే ఉన్నాయి.

ఐదో రోజు మధ్యాహ్నం అంకెలకు రంగులేసి చూస్తే, ఎనిమిది అడుగుల లోతున ఎర్రటి గుండ్రం. అటు నుంచి ఇటు ఇరవై నాలుగు అడుగులు, దిద్దినట్టుంది.

"అంకబాబు గారూ! గుండ్రం!" అని మేడం ఎండలో చెప్పులు లేకుండా గంతులేశారు. కాళ్లు కాలాక గానీ చెప్పులు గుర్తు రాలేదు. ఫోన్లో డైరెక్టరు గారైతే రెండుసార్లు శభాష్ అన్నారు. ఆయన నోట ఆ మాట నేను అంతకుముందు ఒక్కసారి కూడా వినలేదు. "ఆ లోతునే వినండి. ఎల్లుండికి ఫలితం నా బల్ల మీద ఉండాలి," అన్నారు.

ఈ సంతోషం ఆదెమ్మ వాళ్లతో పంచుకుందామని అరటిపళ్లు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాం. ఆ పూటే వాళ్లు ఒక ఆము విప్పారు. గురవయ్య కుప్ప ముందు కూర్చుని ఒక్కో కుండనీ వేలి కణుపుతో కొడుతున్నాడు. మంచి కుండయితే ఖంగుమనాలి. ఇవి డొక్కు, డొక్కు అంటున్నాయి. నలభై కుండల్లో ముప్పై ఒకటి బీటలు వారాయి.

"మా అత్త కోటమ్మ పోయిన కాణ్ణించి మూడేళ్లుగా ఇదే వరస," అంది ఆదెమ్మ. "చెరువు మట్టి తెచ్చినాం, ఏటి ఒండ్రు తెచ్చినాం. ఇసక ఎక్కువేసినాం, తక్కువేసినాం. ఏం కలిపేదో ఆ ముసల్ది, చెప్పకుండానే పోయింది. ఇంకో ఇరవై రోజుల్లో చెంచయ్య పెళ్లి. కుమ్మరోళ్ల ఇంట్లో పెళ్లికి ఐరేని కుండలు టౌన్లో కొనుక్కొస్తే ఇంక మేమెందుకు సార్, ఈ సారె ఎందుకు?"

పెళ్లికి ముందు మేళంతో కుమ్మరి ఇంటికి వెళ్లి, సున్నం, జాజు దిద్దిన ఐరేని కుండలు తెచ్చుకోవడం మనందరికీ తెలిసిందే. రెండేళ్ల కిందట ఇదే ఊళ్లో ఒక పెళ్లి పందిట్లో, అందరూ చూస్తుండగా ఆదెమ్మ ఇచ్చిన ఐరేని కుండ నిలువునా పగిలిందట. ఆ పూట ఆవిడ భోజనానికి కూర్చోకుండా ఇంటికి వచ్చేసిందట. అప్పట్నుంచి ఊరివాళ్లు పెళ్లి కుండలు టౌన్లో కొంటున్నారు.

"మరి మీ అమ్మ గారు మీకూ చెప్పలేదా?" అని మేడం గురవయ్యని అడిగారు.

"సారె నాది, ఆము మా అమ్మది మేడం. ఆమె ఆము అంటిస్తే నేను ముందటి కుండలు బండికెత్తుకుని సంతలకి పొయ్యేవాణ్ణి. వారం దాకా తిరిగొచ్చేది లేదు."

"ఆయన్ని సరే, నన్ను మాత్రం చూడనిచ్చిందా?" ఆదెమ్మ గొంతు లేచింది. "ఆము అంటించిన పొద్దున్నే, 'పుట్టింటికి పోయి రావే' అని పంపిచ్చేది. ఇరవై ఏడేళ్లు. ఒక్క ఆము తప్పలా. నేనొచ్చేసరికి విప్పి, కుండలు వరసగా పేర్చి ఉండేయి. కోడలు నేర్చుకుంటే తన పెద్దరికం పోద్దని భయం. నోరు పడిపోయి నాలుగు రోజులకి పోయింది. ఇంకేం చెప్తది!"

తర్వాత కొంచెం తగ్గి మేడం వైపు తిరిగింది. "మీ తాబేలు నిప్పు సంగతి చెప్తదంట గదమ్మా. మా అత్త ఆఖరి ఆము ఈ దిబ్బ నడిమధ్యనే కాల్చింది. ఆమె పోయినాక ఆటో వొచ్చేదానికి వీలుగా ఉంటదని మేం రోడ్డు పక్కకి మార్చుకున్నాం. ఆ జాగాలో మళ్లీ నిప్పు పెట్టలా. మోకాలి లోతు కూడా ఉండదు. అది వింటారా?"

మేడం మొహం చూడలేకపోయాను. మోకాలి లోతు వింటే ఎనిమిది అడుగుల లోతు చెరిగిపోతుంది. ఆ సంగతి ఆవిడ దాచకుండా చెప్పారు.

"చదివిన పుస్తకం చింపేసినట్టా?" అంది ఆదెమ్మ.

"చదవని పేజీలు కూడా చిరిగిపోతాయమ్మా."

ఆదెమ్మ కాసేపు బీటల కుండని చీరకొంగుతో తుడిచింది. "అయితే వొద్దులే తల్లీ. పెద్దోళ్లది వినండి. మాదేముంది, కుండల గోల," అని లోపలికి వెళ్లి మాకు మజ్జిగ తెచ్చింది. గొడవ పెట్టుకున్నా బాగుండేది. మజ్జిగ ఇచ్చేసరికి మాకు దిగమింగడం కష్టమైంది.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి మేడం దిబ్బ నడిమధ్య కూర్చుని ఉన్నారు. నల్లగా మాడిన మచ్చ మీద అరచెయ్యి ఆనించి ఉంది.

"అంకబాబు గారూ, రెండు వేల ఏళ్ల కిందటివాళ్లకి ఇంకో ఇరవై రోజుల్లో పెళ్లి లేదు కదా?"

"లేదండీ."

"మరి వాళ్లు ఏమీ అనుకోరు."

"వాళ్లనుకోరు గానీ, డైరెక్టరు గారనుకుంటారండీ."

"ఆయనతో మాట్లాడాను," అన్నారు. ఫోనులో అరుపులు విన్న మనిషి మొహం అలా ఉండదు, తేలిగ్గా ఉంది. "తాబేలు బీరువాలోకి వెళ్తుందన్నారు. సరే సార్ అన్నాను. నిరుడు ఒక చోటుని ఎవరికీ పనికిరాకుండా పాడు చేశాను. ఈసారి పాడు చేస్తే ఒకరికైనా పనికి రావాలి."

పైవాళ్ల మాట కాదన్న ఆఫీసర్ని నా సర్వీసులో చూడలేదు. నాకు భయం వేసింది. ఆ భయంలోనే చెప్పలేనంత సంతోషం కూడా వేసింది. గబగబా మేకులు తీసుకుని దగ్గర దగ్గరగా, మోకాలి లోతుకి సరిపడేలా కొట్టడం మొదలుపెట్టాను. మొత్తం నలభై ఎనిమిది. ఒక్కటీ వంకర లేదు.

వినే ముందు మేకుల చుట్టూ ఉప్పు నీళ్లు పొయ్యాలి. ఎండిన నేలలో మేకుకీ మట్టికీ పొత్తు కుదరదు, ఉప్పు నీళ్లుంటే కరెంటు గట్టిగా దిగుతుంది. జీపులోంచి ఉప్పు బస్తా దింపి, బిందెకి నాలుగు దోసిళ్లు కలిపి మేకు మేకుకీ పొయ్యమని ఆదెమ్మకీ గురవయ్యకీ మూడుసార్లు చెప్పాను. ఇద్దరూ మొహాలు చూసుకుని తలలూపారు. ఆ తల ఊపడం నేను నమ్మకుండా ఉండాల్సింది. కానీ వైర్ల గొడవలో పడి వెనక్కి తిరిగి చూడలేదు.

మేడం మీట నొక్కారు. లోతు అంకె మూడుసార్లు సరిచూసుకున్నాకే నొక్కారు. పదకొండు నిమిషాలు తాబేలు టిక్కు టిక్కుమంటూ పనిచేసింది. ఆదెమ్మ ఆ మూకుడు పక్కనే గొంతుక్కూర్చుని, తన అత్త ఏ క్షణాన మాట్లాడుతుందో అన్నట్టు చెవి పెట్టి వింది. తెర మీద గీత రావడం మొదలైంది. ఎప్పటికంటే పలచగా ఉంది, కానీ తెగకుండా వచ్చింది.

"మూడేళ్ల కిందటిదే," అన్నారు మేడం. "పొద్దున అంటించారు. సాయంత్రానికి బాగా రాజుకుంది."

"మట్టిలో ఏం కలిపిందో చెప్పిందా?" ఆదెమ్మ ఆత్రం.

"మట్టి సంగతి ఇది చెప్పదమ్మా. నిప్పు సంగతే చెప్తుంది. మంట కూడా మామూలు ఆముల్లో ఎంతుంటుందో అంతే ఉంది. తేడా ఏం లేదు."

ఆదెమ్మ భుజాలు జారిపోయాయి. గురవయ్య తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. దీనికోసమా రెండు వేల ఏళ్లు నేలపాలు చేసింది అనుకుని నేను నా చెప్పుల వంక చూసుకున్నాను. కానీ మేడం తెర ముందు నుంచి కదల్లేదు. గీత కుడివైపుకి జరుపుతూనే ఉన్నారు.

"ఆదెమ్మ గారూ, మీరు ఆము ఎప్పుడు విప్పుతారు?"

"పొగాగినాక, మర్నాడే. అందరూ అంతే. మా పుట్టింట్లో కూడా మర్నాడే విప్పేవాళ్లు. ఆలస్యమైతే ఆటోవోడు ఊరుకోడు."

"ఇది మర్నాడు విప్పలేదు. రెండో రోజు కూడా ముట్టుకోలేదు. చూడండి, వేడి ఎంత నిదానంగా దిగిందో. మూడో రోజు ఇక్కడ చటుక్కున పడబోయి ఆగింది. వాన కురిసి ఉంటుంది. ఎవరో వెంటనే ఏదో కప్పారు. మళ్లీ నిదానం. ఐదు రోజులు పూర్తిగా చల్లారనిచ్చి, అప్పుడు విప్పారు. మీ నల్లమట్టి వేడి మీద గాలి తగిలితే తట్టుకోదేమో. మీ పుట్టింటి మట్టి వేరే అయ్యుంటుంది."

"మాది ఎర్రమట్టి," అంది ఆదెమ్మ, ఎటో చూస్తూ. "ఐదు రోజులా?"

"ఐదు రోజులు."

ఆవిడ వేళ్లు మడిచి లెక్క పెట్టింది. ఒకసారి పెట్టి, మళ్లీ పెట్టింది.

"నేను పుట్టింట్లో ఉండేది ఐదు రోజులే," అంది.

మడిచిన వేళ్లు అలాగే పట్టుకుని చెప్పుకుపోయింది. "ఆము పేర్చేదాకా నా నడుం నిలిచేది కాదు. మట్టి తొక్కేది నేను, నీళ్లు తెచ్చేది నేను, పిడకలు చేసేది నేను. అంటిచ్చినాక చేసే పనేముంది? చల్లారేదాకా కూకోడమే. ఆ ఐదు రోజులే మా ఇంట్లో పనిలేని రోజులు. అందుకనా పంపిచ్చింది? దాచిపెట్టడానికి కాదా? ఇంట్లో ఉంటే ఊరికే కూర్చోననా?"

"మా అమ్మ అట్టాంటియ్యి నోటితో చెప్పే మనిషి కాదు," అన్నాడు గురవయ్య మెల్లగా.

"చెప్పొద్దా! ఇరవై ఏడేళ్లు తిట్టుకున్నానే!" ఆదెమ్మ మాడిన మచ్చ మీద అరచేత్తో చరిచింది. "ముసల్దానా, వానలో నువ్వొక్కదానివే వొచ్చి కప్పుకున్నావా? నన్ను పిలవొద్దా?" ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే ఇంకో రెండు తిట్లు తిట్టింది. ఆ తిట్లలో ఉన్నంత ప్రేమ నేను దీవెనల్లో కూడా వినలేదు. మేడం కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. నా చేతుల నిండా వైర్లుండబట్టి నేను తుడుచుకోలేకపోయాను.

సామాను సర్దుతూ ఉప్పు బస్తా ఎత్తబోయాను. నడుం పట్టేసింది. ఖాళీ అవ్వాల్సిన బస్తా నిండుగా ఉంది. మూతి కుట్టు వేసింది వేసినట్టే ఉంది.

"ఏంటి ఆదెమ్మా ఇది?" అని గట్టిగానే అరిచాను.

"నువ్వు చెప్తే మాత్రం ఉప్పు పోస్తామా అయ్యా?" ఆవిడ నాకంటే గట్టిగా అంది. "పక్కనే మా మట్టి గుంట ఉంది. ఉప్పు తగిలిన మట్టితో కుండ చేస్తే పొలుసులు పొలుసులుగా రాలిపోద్ది. అందుకని సారె పక్క తొట్టిలో చేతులు తడుపుకునే బంకమట్టి నీళ్లు పోసినాం. మట్టికి మట్టి అతకాలంటే మేమదే పూస్తాం. మీ మేకులు కూడా అతుక్కున్నాయిగా?"

మేడం దగ్గరికి వెళ్లి, తప్పంతా నాదేనని ముందే ఒప్పుకుని, సంగతి చెప్పాను. వినగానే ఆవిడ లేచి తాబేలు దగ్గరికి పరుగు తీశారు.

విన్న తర్వాత అన్నీ చెరిగిపోయాయో లేదో చూడ్డానికి చివర్లో మేం ఒక చిన్న పలకరింపు చేస్తాం. అది ఎవర్నీ లేపదు, సీట్లలో మనుషులున్నారో లేదో చూస్తుంది, అంతే. ఇంతవరకూ ఎక్కడ చేసినా ఖాళీ బస్సే కనపడేది. అందుకే ఆ రోజు చెయ్యడానికి ఎవరికీ మనసొప్పలేదు. మేడం ఇప్పుడు చేశారు. మోకాలి లోతున ఖాళీ. దాని కింద నిండుగా ఉంది. నాలుగు అడుగుల్లో నిండుగా ఉంది. ఎనిమిది అడుగుల్లో మా గుండ్రం చెక్కు చెదరకుండా కూర్చుని ఉంది.

"ఉప్పు లేకపోయేసరికి కరెంటు మెల్లగా దిగింది," అన్నారు ఆవిడ. "మనం అడిగినవాళ్లు మాత్రమే లేచారు. మిగతావాళ్లకి మెలకువ కూడా రాలేదు. మూడేళ్లుగా నేను అరుస్తున్నాను అంకబాబు గారూ! మెల్లగా అడిగితే చెప్పేదే. ఎంత గట్టిగా అరిస్తే అంత బాగా చెప్తుందనుకున్నాను."

పరుగున వెళ్లి ఆదెమ్మని వాటేసుకున్నారు. ఇస్త్రీ చొక్కా అంతా మట్టి. ఇన్ని చదువులు చదివి మట్టిని ఎలా అతకాలో తెలియదా అని ఆదెమ్మ ఆవిడ వీపు నిమిరింది. డైరెక్టరు గారికి ఫోన్ చేసి అంతా చెప్పారు. ఆయన విని, "ఆ మట్టి నీళ్ల పాళ్లు రాసుకున్నారా?" అన్నారు. బీరువా మాట ఎత్తలేదు.

పాళ్లు అడిగితే ఆదెమ్మ నవ్వింది. "పాళ్లేంది? వేలు ముంచితే తెలవదా!" ఆ వేలి లెక్కని అంకెల్లోకి మార్చడానికి మాకు తర్వాత నాలుగు నెలలు పట్టింది.

పెళ్లి కుండల ఆము ఈసారి దిబ్బ నడిమధ్యనే, కోటమ్మ జాగాకి నాలుగడుగుల పక్కన పేర్చారు. పొద్దున అంటించారు. మర్నాటికి పొగ ఆగింది. అసలు కష్టం అప్పుడు మొదలైంది. రెండో రోజు ఆటోవాడు వచ్చి హారన్ కొట్టి పోయాడు. మూడో రోజు గురవయ్య, ఒక మూల కొంచెం తీసి చూద్దామన్నాడు. ఆదెమ్మ కర్ర తీసుకుని ఆము పక్కనే మంచం వేసుకుంది. మేము కూడా ఊరికే ఉండలేక, మేకులు దూరం దూరంగా కొట్టి, బంకమట్టి నీళ్లు పోసి, ఎనిమిది అడుగుల గుండ్రాన్ని మెల్లగా అడిగాం.

ఐదో రోజు పొద్దున జవాబొచ్చింది. అది స్తూపం కాదు. గుండ్రంగా కట్టిన ఇటుక అరుగు మీద వరసగా పద్నాలుగు ఆములు. రెండు వేల ఏళ్ల కిందట ఓబులదిన్నె కుమ్మరులు పక్కపక్కన కూర్చుని కాల్చుకున్నవి. మేడం ఒక్కో ఆము గీతా జరుపుతూ చల్లారిన కాలం చదివారు. ఐదు రోజులు. ఐదు రోజులు. ఒకటి మాత్రం నాలుగు.

"అప్పుడు కూడా తొందరపడేవోడు ఒకడున్నాడన్న మాట," అని ఆదెమ్మ గురవయ్య వంక చూసింది.

ఆము విప్పారు. చల్లటి బూడిదలోంచి ఒక్కో కుండా తీసి ఆదెమ్మ వేలి కణుపుతో కొట్టింది. ఖంగు. ఇంకోటి. ఖంగు. పదో కుండకి చెంచయ్య ఈల వేశాడు. ఇరవయ్యో కుండకి నేను లెక్క మర్చిపోయాను. నలభై రెండు కుండల్లో ఒక్కటే పగిలింది, అదీ గురవయ్య ఆనందం పట్టలేక వెనక్కి నడుస్తూ కాలు తగిలించినది.

ఐరేని కుండలకి సొంతింటికే వెళ్లాలి కాబట్టి, మేళంతో ఊరంతా చుట్టి వచ్చి, తమ గుమ్మం ముందే ఆగి, మాకు కుండలివ్వండని అడిగారు. గురవయ్య లోపల్నుంచి, ఎవరు మీరు, ఏ ఊరని బెట్టు చేశాడు. ఊరంతా ఒకటే నవ్వు. రెండేళ్ల కిందట పందిట్లో కుండ పగిలిన ఇంటావిడ కూడా వచ్చింది. ఏమీ అనకుండా ఒక కుండని తనూ వేలితో కొట్టి చూసి, "మా చిన్నదానికి మాఘంలో అనుకుంటన్నాం ఆదెమ్మా, కుండలు నువ్వే ఇయ్యాలి," అంది. ఆ రోజు ఆదెమ్మ పెళ్లి భోజనానికి కూర్చుంది. నేను లెక్కపెట్టలేదు గానీ, అరిసెలు మాత్రం బాగానే తింది.

మా పని ఇంకా ఉంది కాబట్టి మేం దిబ్బ మీదే ఉండిపోయాం. నెల తిరిగేసరికి కొత్త కోడలు భూలక్ష్మికి మొదటి ఆము వచ్చింది. పది రోజులు అత్తతో సమానంగా మట్టి తొక్కింది ఆ పిల్ల. ఆము అంటించిన పొద్దున ఆదెమ్మ ఒక సంచి తెచ్చి ఆమె చేతికిచ్చింది.

"పుట్టింటికి పోయి రావే."

భూలక్ష్మి మొహం మాడిపోయింది. "నేనేం తప్పు చేశాను అత్తా?"

నేను మేకు కొట్టడం ఆపేశాను. మేడం కూడా తలెత్తారు.

ఆదెమ్మ ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంది. "తప్పు కాదే పిచ్చిదానా. ఇది చల్లారడానికి ఐదు రోజులు. ఆ ఐదు రోజులూ ఇక్కడ పని లేదు. నీ నడుం నొప్పి నాకు తెలవదా? పోయి మీ అమ్మ చేతి అన్నం తిని, పడుకుని నిద్రపో. ఎందుకు పంపుతున్నానో చెప్పి పంపుతున్నా, బాగా విను. మా అత్త నాకు చెప్పలా. ఆ మాట నాకు చెప్పడానికి వీళ్లు పట్నం నుంచి మిషను మోసుకురావాల్సి వొచ్చింది."

భూలక్ష్మి సంచి ఒళ్లో పెట్టుకుని కాసేపు ఆలోచించింది. "మరి మీ నడుమో?" అంది.

"నా నడుముకేం?"

"మీరూ రండి. మా అమ్మ మిమ్మల్ని రమ్మని పెళ్లినాడే చెప్పింది."

ఆదెమ్మ గురవయ్యని చూసింది, ఆముని చూసింది. యాభై ఏళ్ల మనిషి మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగిపోవడం నేను అప్పుడే చూశాను. పది నిమిషాల్లో కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఆము కాపలా గురవయ్యకీ నాకూ పడింది.

ఆటో కదిలాక ఆవిడ తల బయట పెట్టి అరిచింది.

"ఐదు రోజులు! ముందే ముట్టుకున్నారంటే చూడండి! నేనొచ్చినాక తాబేలు నాకు చెప్పేస్తది!"